నలభై ఒక్క సెకన్లు

వాల్పరైసోలో కొండమీద మా విభాగం.
మూడో అంతస్తు, తుప్పు పట్టిన కిటికీ గొళ్ళెం,
కింద రేవులో క్రేన్లు.
నేను చెప్పేది మౌఖిక చరిత్ర.
అంటే, మనిషి పక్కన కూచుని
ఊ కొట్టడం ఎలాగో నేర్పడం.
దీనికి జీతమిస్తారు.

ఈ ఏడు పిల్లల చేతికి యంత్రం వచ్చింది.
గంటన్నర మాటల్ని నాలుగు నిమిషాల్లో
కాగితం మీద పెడుతుంది.
చేటలో పోసి చెరిగినట్టు
గింజ ఇటు, పొట్టు అటు.
దగ్గులు పోయాయి, నత్తి పోయింది,
మధ్యలో వచ్చి పాలడిగిన పిల్లి పోయింది.

గమాలియేల్ రాత్రుళ్ళు రేవులో కంటైనర్ల లెక్క రాస్తాడు,
పగలు నా క్లాసులో కళ్ళు తెరుచుకుని నిద్రపోతాడు.
వాడు తెచ్చిన కాగితాల్లో
చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేసిన
ఓర్ఫెలీనా అనే పెద్దావిడ
అచ్చం పత్రికా ప్రకటనలా మాట్లాడుతోంది.

ప్రశ్న: మీ తమ్ముణ్ణి తీసుకెళ్ళిన రాత్రి గురించి చెప్తారా?
జవాబు: ఆ రోజుల్లో సార్డీన్లు బాగా పడేవి.

కింద యంత్రం రాసిన సారాంశం:
తమ్ముడి విషయమై సమాచారం లేదు.

ప్రశ్నకీ జవాబుకీ నడుమ
వెంట్రుక దూరేంత సందు లేదు.
రికార్డింగు పెట్టు, అన్నాను.

ప్రశ్న వినిపించింది.
తర్వాత ఏమీ లేదు.
ఏదో సన్నటి గలగల, కప్పుదో, కిటికీ అద్దానిదో.
ఆగిపోయిందనుకుని ఇద్దరు ఫోను మీదికి వంగారు.
అంకెలు నడుస్తున్నాయి.
పదకొండు. పన్నెండు.
గ్యాసు బండివాడు సిలిండర్ మీద
ఇనపముక్కతో కొట్టుకుంటూ పోయాడు,
మా వీధిలోనో, ఆవిడ వీధిలోనో
తేల్చుకోలేకపోయాం.
ఇరవై తొమ్మిది దగ్గర గమాలియేల్ గొంతు, మెల్లగా: ఊ.
ఆవిడ ఏమీ చెప్పలేదు. వీడు ఊ కొట్టాడు.
యంత్రం పారబోసిన పొట్టులో అదొకటి.
నలభై. నలభై ఒకటి.
ఆ రోజుల్లో సార్డీన్లు బాగా పడేవి.

మౌనం అర్ధాంగీకారమట.
అన్నదెవరో గాని
వాళ్ళ తలుపు రాత్రిపూట ఎవరూ తట్టి ఉండరు.

యంత్రాన్ని తిట్టడానికి నోరు తెరిచాను.
ఉపన్యాసం సిద్ధంగానే ఉంది, పోయినేడే రాసుకున్నాను.
కానీ మొన్న ఆదివారం రాత్రి
ముప్పై రెండు వ్యాసాలకి వ్యాఖ్యలు
దాని చేతే రాయించి
కింద నా పొడి అక్షరాలు పెట్టాను.
"మీ విశ్లేషణలో లోతుంది, ఆధారాలు ఇంకా కావాలి."
ముప్పై రెండుమందికీ లోతుంది.
తెరిచిన నోరు మూసుకున్నాను.
ఆ సెకన్లు ఎవరూ లెక్కపెట్టలేదు.

గమాలియేలే అన్నాడు:
"తెల్లారి ఆరింటికి డ్యూటీ దిగుతాను, మేడమ్.
ఇదంతా చేత్తో రాయాలంటే ఎనిమిది గంటలు.
ఆ ఎనిమిది ఎవరిస్తారు?"
నా దగ్గర జవాబు లేదు.
రెండు వారాలు గడువు పెంచాను.
గడువంటే మాత్రం ఏముంది,
వాడి నిద్రలోంచి కోసి వాడికే ఇవ్వడం.

తెచ్చాడు.
మిగతా అంతా యంత్రం రాసిందే, దాచలేదు.
ఒక్క పేజీ మాత్రం చేతిరాత.
పైన ప్రశ్న. కింద అంతా ఖాళీ.
నట్టనడుమ, కోడి కెలికినట్టున్న అక్షరాల్లో:

"కప్పులో చెంచా తిప్పుతోంది.
చక్కెర ఎప్పుడో వేసింది, నేను చూశాను.
కరిగిపోయింది.
తిప్పుతూనే ఉంది."

విభాగం పంపిన మార్కుల పట్టీలో
స్పష్టతకి ఇరవై, పొందికకి ఇరవై.
విన్నందుకు గడి లేదు.
అంచున పెన్సిలుతో ఒకటి గీశాను.
స్కేలు దొరకలేదు, వంకరగా వచ్చింది.